తొందరపడని యూరియా

“యూరియా నీళ్లలో వెయ్యగానే కరిగిపోతుంది కదా సార్, మరి మూడు నెలలు పనిచేసే గుళికలో ఏం కలుపుతారు?” అని క్లాసులో ఓ పిల్లవాడు అడిగాడు. ఏమీ కలపరు. లోపల ఉన్నదీ యూరియాయే. కిటుకంతా పైపూతలో ఉంది.

ఆటస్థలానికి ఈ కిటుకు అవసరం ఎక్కువ. నీళ్లు నిలవకూడదని గడ్డి కింద ఇసుక పోస్తారు. ఇసుక నీటితోపాటు నత్రజనినీ జారవిడుస్తుంది. నూటికి 46 పాళ్లు నత్రజని ఉన్న యూరియాను ఒకేసారి చల్లితే గడ్డి ఎగబడి పెరుగుతుంది, కోసేవాళ్ల నడుములు విరుగుతాయి, ఆ తర్వాత పాలిపోతుంది.

1960లలో అమెరికాలోని టెన్నెసీ వ్యాలీ అథారిటీ ఇంజినీర్లు యూరియాకు గంధకం తొడుగు వేశారు. తిరిగే డ్రమ్ములో వేడి గుళికల మీద కరిగిన గంధకాన్ని చిమ్మేవారు. గంధకం 115 డిగ్రీల దగ్గర కరుగుతుంది, యూరియా 133 దగ్గర. గుళిక కరగకముందే గంధకం దానిమీద గడ్డకట్టాలి. ఎంత జాగ్రత్తపడ్డా పూతలో సన్నని బెజ్జాలు మిగులుతాయి కనుక పైన మైనం పూశారు. నేలలోని సూక్ష్మజీవులు ఆ మైనాన్ని తినేశాక నీరు లోపలికి దూరుతుంది. లోపల చిక్కటి ద్రావణం తయారై మరింత నీటిని లాక్కుంటుంది. ఒత్తిడి పెరిగి పెళుసు గంధకం పగులుతుంది, సరుకంతా ఒక్కసారే బయటపడుతుంది. పూత మందం ఒక్కో గుళికకు ఒక్కోలా ఉంటుంది కనుక కొన్ని ముందు, కొన్ని వెనక పగులుతాయి. అంటే నిదానం సంచి మొత్తానిదే గానీ గుళికది కాదు!

గుళికకే నిదానం నేర్పింది రెసిన్ పూత. ఈ పొర పగలదు, సాగుతుంది. నీటి ఆవిరి లోపలికి పోయి యూరియాను కరిగిస్తుంది. లోపల చిక్కన, బయట పలుచన. ఆ తేడాయే పోషకాన్ని పొరగుండా బయటికి నడిపిస్తుంది. నాకు ముచ్చటేసేది ఇక్కడే: లోపల కరగని యూరియా ఉన్నంతకాలం ద్రావణం చిక్కదనం తగ్గదు, అందుకే విడుదల వేగమూ దాదాపు నిలకడగా ఉంటుంది. వేడి పెరిగితే వేగం పెరుగుతుంది. మన మైదానాల్లోని గరిక ఆకలీ వేడిలోనే పెరుగుతుంది! మోటారు లేదు, సెన్సరు లేదు. చివరికి మిగిలే ఖాళీ బుడగలను చూసి పురుగు గుడ్లనుకునేవాళ్లూ ఉన్నారు.

గుళిక ఇంత బాగుంటే మరి ద్రవ ఎరువు ఎందుకు? గోల్ఫ్ గ్రీన్‌ను, అంటే బంతి పడే గుంట చుట్టూ ఉండే గడ్డిని, మూడు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. అక్కడ లావు గుళికలు వేస్తే కోత మిషన్ వాటిని ఏరుకుపోతుంది, లేదా నలిపేస్తుంది. పలుచటి యూరియా ద్రావణాన్ని కొద్దికొద్దిగా పిచికారీ చేస్తే ఆకే కొంత పీల్చుకుంటుంది. మోతాదు ఎప్పటికప్పుడు మార్చుకోవచ్చు. చిక్కగా కొడితే మాత్రం ఆకు మాడుతుంది.

యూరియాకు పూత వేయడం ఆటస్థలాలకే పరిమితం కాదు, పొలాలకూ ఉంది. 2015లో మన దేశంలో యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి అయింది, 2023లో గంధకం పూతతో యూరియా గోల్డ్ వచ్చింది.

మళ్లీ ఆటస్థలానికి వస్తే, గ్రీన్‌కు ద్రవమే మేలు. ఔట్‌ఫీల్డ్‌కు నా ఓటు రెసిన్ గుళికకే. అయితే సంచిమీద రాసిన నెలలు ఒక నిర్ణీత ఉష్ణోగ్రతకు కట్టిన లెక్క. మన మే ఎండల్లో అంతకుముందే అయిపోతుంది. సంచులను ఎత్తి పడెయ్యకండి, తొక్కకండి. పూత చిట్లిందంటే మీరు ఎక్కువ ధరపెట్టి కొన్నది మామూలు యూరియాయే.