మోటరోలా వీ710: సగం మూసిన బ్లూటూత్

మోటరోలా వీ710 అమెరికాలో 2004 ఆగస్టులో వెరైజన్ వైర్‌లెస్ కంపెనీ అమ్మకానికి పెట్టిన మడత ఫోను. 1.2 మెగాపిక్సెల్ కెమెరా, స్పీకర్ ఫోను, అప్పుడప్పుడే మార్కెట్లోకి వచ్చిన ట్రాన్స్‌ఫ్లాష్ మెమరీ కార్డు దీని ఆకర్షణలు. ఆ కార్డే తరువాత మైక్రో ఎస్‌డీ పేరుతో ప్రపంచమంతటా ఎన్నో ఫోన్లలోకి చేరింది. వీటన్నిటికంటే జనం ఎక్కువగా ఎదురుచూసింది బ్లూటూత్ కోసం. వెరైజన్ అమ్మిన ఫోన్లలో బ్లూటూత్ ఉన్న మొదటిది ఇదే. తీరా కొన్నాక తెలిసింది, ఆ బ్లూటూత్‌లో కొంత భాగమే పనిచేస్తుందని. మిగిలిన భాగాన్ని కావాలనే మూసేశారు. వైర్‌లెస్ కంపెనీలకూ వాటి ఖాతాదారులకూ మధ్య ఫోను ఎవరిదన్న తగాదా కోర్టుకెక్కడానికి ఈ ఫోను కారణమైంది.

ఏ భాగాన్ని ఎలా మూశారో తెలియాలంటే బ్లూటూత్ పనితీరు కొంత చూడాలి. స్వీడన్‌లో ఎరిక్‌సన్ ఇంజనీర్లు 1994లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని 1998లో ఎరిక్‌సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా కలిసి ఉమ్మడి ప్రమాణంగా తీర్చిదిద్దడానికి పూనుకున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో, ఫోన్లలాంటి వాటిలో సుమారు 10 మీటర్ల దూరం వరకు, తీగ లేకుండా రెండు పరికరాలను కలపడం దీని పని. రేడియో చిప్ ఒక్కటే అయినా, దాని మీద ఏ పని జరగాలన్నది ‘ప్రొఫైల్’ అనే సాఫ్ట్‌వేర్ నియమావళి నిర్ణయిస్తుంది. చెవిలో పెట్టుకునే హెడ్‌సెట్‌కు ఒక ప్రొఫైల్, కారులో మాట్లాడే హ్యాండ్స్‌ఫ్రీకి ఒకటి, ల్యాప్‌టాప్‌కు ఫోనును మోడెమ్‌గా వాడుకోవడానికి మరొకటి. ఫొటోలు, చిరునామాలు పంపుకోవడానికి ఓబెక్స్ అనే పద్ధతి మీద నడిచే ప్రొఫైళ్లు వేరేగా ఉంటాయి. వీ710లో మొదటి మూడూ పనిచేశాయి. ఓబెక్స్‌ను మాత్రం వెరైజన్ కోరిన సాఫ్ట్‌వేర్‌లో ఆపేశారు. కెమెరాతో తీసిన ఫొటోను పక్కనే ఉన్న కంప్యూటర్‌కు బ్లూటూత్ ద్వారా పంపే వీలు పోయింది. కంప్యూటర్లోని ఫోన్ నంబర్ల జాబితాను అదే దారిలో ఫోనులోకి తెచ్చుకునే వీలూ పోయింది. చిప్‌లో ఆ శక్తి ఉంది, మోటరోలా ఇంజనీర్లకు దాన్ని పనిచేయించడమూ తెలుసు. ఉన్న సామర్థ్యాన్ని పనిగట్టుకుని తీసేసి అమ్మారు.

భద్రత కోసం, మోసాలు జరగకుండా ఉండడం కోసం ఇలా చేశామని వెరైజన్ చెప్పింది. ఆ రోజుల్లో బ్లూటూత్ ఫోన్లలోని సమాచారాన్ని దొంగిలించే లోపాలు కొన్ని నిజంగానే బయటపడ్డాయి కాబట్టి ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. అయితే లెక్క మరోవైపు కూడా ఉంది. ఫొటోను బ్లూటూత్‌లో పంపితే కంపెనీకి పైసా వచ్చేది కాదు. అదే ఫొటోను పిక్చర్ మెసేజ్‌గా పంపితే ఒక్కోదానికి 25 సెంట్లు వచ్చేవి. రింగ్‌టోన్లు, ఆటలు ‘గెట్ ఇట్ నౌ’ అనే సొంత దుకాణం ద్వారా వెరైజనే అమ్మేది. క్వాల్‌కామ్ తయారుచేసిన బ్రూ వేదిక మీద నడిచిన ఆ దుకాణంలోకి కంపెనీ ఆమోదం లేని ప్రోగ్రాము ఏదీ చేరలేదు. ఉచితంగా ఫైళ్లు తెచ్చుకునే దారి తెరిచి ఉంటే ఆ దుకాణానికి గిరాకీ తగ్గుతుంది. భద్రత ఒక కారణమైతే కావచ్చు, కానీ ఫైళ్లు పంపే దారి మూసి, హెడ్‌సెట్ దారి తెరిచి ఉంచిన తీరు చూస్తే ఆదాయమే బలమైన కారణమన్న ఖాతాదారుల అనుమానం అర్థవంతంగానే కనిపిస్తుంది.

ఫోను తయారుచేసిన మోటరోలా దీనికి ఎందుకు ఒప్పుకుంది? ఒప్పుకోకపోతే అమ్ముకునే చోటు లేదు. ఐరోపాలో, ఆసియాలో ఎక్కువగా వాడిన జీఎస్ఎం పద్ధతిలో ఖాతా సిమ్ కార్డులో ఉంటుంది. సిమ్ తీసి వేరే ఫోనులో పెడితే ఖాతా దానితోపాటే వెళ్తుంది. వెరైజన్ వాడిన సీడీఎంఏ పద్ధతిలో అమెరికాలో సిమ్ లేదు. ప్రతి ఫోనుకూ ఫ్యాక్టరీలోనే ఈఎస్ఎన్ అనే 32 బిట్ల సంఖ్య పడేది. ఆ సంఖ్య కంపెనీ కంప్యూటర్లలోని ఆమోదిత జాబితాలో ఉంటేనే ఫోనుకు కనెక్షన్ ఇచ్చేవారు. వేరే చోట కొన్న ఫోను సాంకేతికంగా సరిపోయేదైనా, జాబితాలో లేకపోతే పనికొచ్చేది కాదు. కాబట్టి ఫోన్ల తయారీదారుకు అసలు కొనుగోలుదారు నెట్‌వర్క్ కంపెనీయే. అది వద్దన్న సదుపాయం ఫోనులో మిగిలేది కాదు.

తీగ ఫోన్ల కాలంలో అమెరికా ఈ తగాదాను ఒకసారి తేల్చుకుంది. టెలిఫోను వ్యవస్థ దాదాపు మొత్తం ఏటీ అండ్ టీ చేతిలో ఉన్నప్పుడు, ఇంట్లోని ఫోను కూడా కంపెనీదే, అద్దెకు వాడుకోవాల్సిందే. మాట పక్కవారికి వినిపించకుండా ఫోనుకు తగిలించుకునే ‘హష్-ఎ-ఫోన్’ అనే చిన్న గిన్నెలాంటి పరికరాన్ని కూడా కంపెనీ అడ్డుకుంది. 1956లో అప్పీళ్ల కోర్టు ఆ నిషేధం చెల్లదంది. తరువాత టెక్సస్ వ్యాపారి థామస్ కార్టర్ తయారుచేసిన ‘కార్టర్‌ఫోన్’ వచ్చింది. దూరంగా చమురు బావుల దగ్గర, పశువుల క్షేత్రాల్లో రేడియోలో మాట్లాడేవారిని మామూలు టెలిఫోనుతో కలిపే పరికరం అది. నెట్‌వర్క్‌కు హాని చేయని ఏ పరికరాన్నైనా ఖాతాదారు తగిలించుకోవచ్చని 1968లో సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తీర్పునిచ్చింది. ఫ్యాక్స్ యంత్రాలు, జవాబు చెప్పే యంత్రాలు, ఇంటర్నెట్‌ను ఇళ్లలోకి తెచ్చిన మోడెములు ఆ తీర్పు నీడనే పెరిగాయి. సెల్‌ఫోన్లకు మాత్రం ఆ నియమాన్ని వర్తింపజేయలేదు. న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ 2007లో రాసిన పత్రంలో ఈ వెలితినే ఎత్తిచూపి, వైర్‌లెస్‌కూ కార్టర్‌ఫోన్ నియమం కావాలని వాదించారు. వీ710 లాంటి కత్తిరించిన ఫోన్లు ఆయన వాదానికి ఉదాహరణలుగా నిలిచాయి.

2005 జనవరిలో కాలిఫోర్నియా ఖాతాదారులు కొందరు అందరి తరఫునా కోర్టులో దావా వేశారు. బ్లూటూత్ ఉందని ప్రచారం చేసి, అందులో కొంత తీసేశామని కొనేముందు చెప్పకపోవడం మోసమన్నది వారి వాదన. కోపం అంతలా పెరగడానికి ఒప్పందమూ ఒక కారణం. రెండేళ్ల ఒప్పందం మధ్యలో వదిలేస్తే 175 డాలర్లు కట్టాల్సి వచ్చేది. నచ్చని ఫోనును తిరిగిచ్చేయడం అంత తేలిక కాదు. చివరికి వెరైజన్ రాజీకి వచ్చి, అర్హులైన ఖాతాదారులు ఫోను తిరిగిచ్చి రుసుము లేకుండా బయటపడడానికీ, లేదా ఫోను ఉంచుకుని 25 డాలర్ల పరిహారం తీసుకోవడానికీ ఒప్పుకుంది. మూసిన ప్రొఫైల్‌ను తెరవడం రాజీలో లేదు. 2005లో వీ710 వారసుడిగా వచ్చిన ఈ815లోనూ అదే కోత. అప్పటికి ఉత్సాహవంతులైన వాడుకదారులు యూఎస్‌బీ తీగతో ఫోనును కంప్యూటర్‌కు కలిపి, లోపలి సెట్టింగుల మెమరీలో ఒకటి రెండు విలువలు మార్చి ఓబెక్స్‌ను తిరిగి లేపడం నేర్చుకున్నారు. విలువ మారిస్తే చాలు, సదుపాయం పనిచేసింది. అది ఎప్పుడూ ఫోనులోనే ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

సిమ్ ఉన్న కంపెనీలూ ఇందులో వెనకబడలేదు. ఐరోపాలో వైఫైతో అమ్ముడైన నోకియా ఈ61ను 2006లో అమెరికాలో సింగ్యులర్ కంపెనీ ఈ62 పేరుతో తెచ్చింది. అందులో వైఫై లేదు.

మన దేశంలో జీఎస్ఎం ఫోన్లు మొదటినుంచీ ఎక్కువగా విడిగా అమ్ముడయ్యాయి కాబట్టి ఈ బాధ అంతగా తెలియలేదు. 2003లో రిలయన్స్ తక్కువ ధరకు ఇచ్చిన సీడీఎంఏ ఫోన్లు తీసుకున్నవారికి మాత్రం ఇది అనుభవమే. ఆ ఫోను రిలయన్స్‌తో తప్ప పనిచేసేది కాదు, కంపెనీ మారితే ఫోనూ మార్చాల్సి వచ్చేది. అమెరికా నుంచి సెలవులకొచ్చే తెలుగువారు తెచ్చిన ఫోన్లది మరో రకం కథ. అక్కడి కంపెనీ తాళం వేసిన ఫోనులో ఇక్కడి సిమ్ పెడితే పనిచేయదు. తాళం తీయించుకోవడానికి హైదరాబాద్‌లో చాలామంది ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ దారి పట్టేవారు.

అమెరికాలో మార్పు రెండు వైపుల నుంచి వచ్చింది. 2007 జూన్‌లో ఐఫోన్ ఏటీ అండ్ టీ తాళంతోనే విడుదలైనా, ఫోనులో ఏముండాలో నిర్ణయించే అధికారాన్ని యాపిల్ నెట్‌వర్క్ కంపెనీకి ఇవ్వలేదు. అధికారం చేయి మారింది, వాడుకదారుకు మాత్రం రాలేదు. రెండోది 700 మెగాహెర్ట్జ్ తరంగాల వేలం. గూగుల్ ఒత్తిడి మీద, అందులోని సీ బ్లాక్ గెలిచినవారు ఏ పరికరాన్నీ ఏ ప్రోగ్రామునూ అడ్డుకోకూడదని ఎఫ్‌సీసీ 2007లో షరతు పెట్టింది. 2008లో ఆ బ్లాక్‌ను గెలిచింది వెరైజనే. ఆ షరతుకు పదును ఉందని 2012లో తేలింది. ఫోను ఇంటర్నెట్‌ను ల్యాప్‌టాప్‌తో పంచుకునే ప్రోగ్రాములు తన ఖాతాదారులకు గూగుల్ దుకాణంలో కనబడకుండా వెరైజన్ చేయించిందన్న ఆరోపణ మీద ఎఫ్‌సీసీ విచారణ జరిపింది. ఆ పంచుకోవడానికి కంపెనీ నెలకు 20 డాలర్లు విడిగా వసూలు చేసేది. కంపెనీ 12.5 లక్షల డాలర్లు కట్టి ఆ అడ్డు తొలగించింది.

తాళం తీయడం 2013 జనవరి నుంచి కాపీరైట్ చట్టం కింద మళ్లీ నేరమయ్యే పరిస్థితి వచ్చింది. తన డబ్బుతో కొన్న ఫోనును వేరే నెట్‌వర్క్‌కు మార్చుకోవడం చట్టవిరుద్ధమేమిటని లక్షమందికి పైగా శ్వేతసౌధానికి విజ్ఞప్తి చేశారు. 2014 ఆగస్టు 1న ఒబామా సంతకంతో తాళం తీయడాన్ని అనుమతించే చట్టం వచ్చింది. 2019లో మాత్రం, దొంగతనాలు, మోసాలు ఆపడానికంటూ కొత్త ఫోన్లకు 60 రోజుల తాళం వేసుకునే వెసులుబాటు వెరైజన్ పొందింది.

వీ710 వాడిన సీడీఎంఏ నెట్‌వర్క్‌ను వెరైజన్ 2022 డిసెంబరు 31తో మూసేసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ తన 3జీని ఆపినప్పుడు పాత పద్ధతి కొత్త రూపంలో తిరిగొచ్చింది. 3జీ లేకపోతే మాట్లాడడానికి 4జీ మీద నడిచే వోల్టీ కావాలి. ఏ మోడళ్లకు ఆ సదుపాయం ఇవ్వాలో కంపెనీ ఒక జాబితా ప్రకటించింది. విదేశాల్లో కొన్న ఫోన్లు, తాళం లేని ఫోన్లు అనేకం వోల్టీ సామర్థ్యం ఉండి కూడా, జాబితాలో పేరు లేనందువల్ల ఆ నెట్‌వర్క్‌లో కాల్స్‌కు పనికిరాకుండా పోయాయి.