బటన్ నొక్కితే వనవాసం!

పల్లెటూరి కుర్రాడు. చేతిలో చిన్న కత్తి. వెంట ఇద్దరు ముగ్గురు నేస్తాలు. ఊళ్లూ అడవులూ దాటుకుంటూ వెళ్లి లోకాన్ని కాపాడాలి... జపాన్ 'రోల్ ప్లేయింగ్' వీడియోగేముల్లో చాలావాటి కథ ఇలాగే మొదలవుతుంది. పెద్ద గేము పూర్తవ్వాలంటే నలభై, యాభై గంటలు పడుతుంది. అయినా పిల్లలు వదలరు. ఎందుకట?

జవాబు విజయనగరం జిల్లా రామతీర్థంలోనే దొరుకుతుంది. వనవాసంలో పాండవులు ఇక్కడికి వచ్చారనీ, సీతారామలక్ష్మణుల విగ్రహాలను ధర్మరాజుకు శ్రీకృష్ణుడే ఇచ్చాడనీ స్థలపురాణం. ఆ వనవాసాన్ని ఒక్కసారి గుర్తుచేసుకోండి. భీముడిది బలం, అర్జునుడిది విల్లు, ధర్మరాజుది వివేకం. అర్జునుడు తపస్సు చేసి పాశుపతం సంపాదిస్తాడు. యక్షుడి ప్రశ్నలకు అన్న జవాబులు చెప్పాకగానీ తమ్ముళ్లు లేవరు. కలిసి నడవడం, దారిలో ఎదగడం... ఈ గేముల ఆకర్షణ కూడా అదే!

ఓడినా పోనిది

1986లో ఎనిక్స్ సంస్థ 'డ్రాగన్ క్వెస్ట్'ని విడుదల చేసింది. అమెరికాలో పుట్టిన 'విజార్డ్రీ', 'అల్టిమా' అనే కంప్యూటర్ ఆటలంటే ముచ్చటపడ్డ యూజీ హోరీ, ఎవరైనా తేలిగ్గా ఆడుకునేలా దాన్ని రూపొందించాడు. పాత్రలకు బొమ్మలు గీసింది 'డ్రాగన్ బాల్' సృష్టికర్త అకిరా తోరియామా. ఇందులో వేళ్ల వేగంతో పనిలేదు. పోరాటమంతా వంతులవారీగా సాగుతుంది. దెబ్బ కొట్టాలా, మందు వాడాలా అని నింపాదిగా ఆలోచించుకోవచ్చు. ఓడిపోతే దగ్గరున్న బంగారంలో సగం పోతుంది. సంపాదించిన అనుభవం మాత్రం పోదు!

నేస్తం ఉంటేనే...

1996లో వచ్చిన 'పోకెమాన్'ది మరో దారి. చిన్నప్పుడు పురుగుల్ని పట్టి దాచుకునే సరదా ఉన్న సతోషి తజిరి, దాన్నే ఆటగా మలిచాడు. గేమును రెండు రకాలుగా విడుదల చేశారు. కొన్ని జీవులు ఒకదాంట్లో ఉంటే మరికొన్ని రెండోదాంట్లో ఉంటాయి. అన్నీ కావాలంటే నేస్తంతో మార్చుకోవాల్సిందే.

1997 నాటి 'ఫైనల్ ఫాంటసీ 7'లో పూలమ్ముకునే అమ్మాయి ఎరిత్ కథ మధ్యలోనే చనిపోతుంది. ఆమెకు ఆయుధాలు ఎంచి ఇచ్చిందీ, పోరాటాల్లో కాపాడుకుంటూ వచ్చిందీ ఆడేవాళ్లే. అందుకే ఎందరో కన్నీళ్లు పెట్టుకున్నారు.

అమ్మానాన్నలూ... ఒక్కమాట!

'అయిదు నిమిషాలు ఆగమ్మా' అనేది ప్రతిసారీ సాకు కాకపోవచ్చు. ఇలాంటి పాత గేముల్లో చాలావాటిని ఎక్కడపడితే అక్కడ ఆపలేం. ఫలానా చోటికి చేరాకే ఆటను భద్రపరచుకోవాలి. మధ్యలో స్విచ్ కట్టేస్తే అప్పటిదాకా పడ్డ కష్టమంతా వృథా! ఆటకీ చదువుకీ నిద్రకీ వేళలు పెట్టాల్సింది మాత్రం పెద్దలే. ఆ హద్దేదో ఆట మొదలుపెట్టకముందే చెప్పండి. ఆపేశాక 'ఇంతకీ కథ ఎక్కడిదాకా వచ్చింది' అని అడిగి చూడండి. భోజనాల దగ్గర కబుర్లకు కొదవుండదు.