పెర్రీ మేసన్ అడిగే ఇంకొక్క ప్రశ్న

మొన్న శ్రావణంలో ముసురు పట్టిన నాలుగు రోజులూ మా నాన్నగారు కోర్టులోనే వున్నారు. కంగారు పడకండి. కోర్టు అమెరికాది, నాన్నగారు మా వరండాలో పడక కుర్చీలోనే వున్నారు. మా అబ్బాయి పలక లాంటి తన టాబ్లెట్టులో పాత ‘పెర్రీ మేసన్’ టెలివిజన్ కథలు పెట్టి తాతగారి చేతికిచ్చాడు. ఎనభై దాటిన మనిషి. కాలేజీ రోజుల్లో ఎర్ల్ స్టాన్లీ గార్డనర్ నవలలు పాత పుస్తకాల కొట్లో కొని, చదివి, మళ్ళీ ఆ కొట్లోనే అమ్మేవారట. ఆ కథల్ని బొమ్మల్లో చూడటం మాత్రం ఇదే మొదలు.

సి.బి.యస్. వారు 1957 సెప్టెంబరు 21న ప్రారంభించిన ఈ ధారావాహిక 1966 మే నెల దాకా నడిచింది. మొత్తం 271 కథలు. మేసన్‌గా వేసిన రేమండ్ బర్ అంతకుముందు సినిమాల్లో ఎక్కువగా దుర్మార్గుడి వేషాలే వేశాడు. ఇక్కడికీ ప్రభుత్వ వకీలు బర్గర్ వేషం కోసమే వచ్చాడట!

కథ నడక ఇంచుమించు ప్రతిసారీ ఒకటే. ఒక హత్య జరుగుతుంది. పాపం, ఏ పాపమూ ఎరుగని మనిషి ముద్దాయి అవుతాడు. మేసన్ అడిగే ప్రశ్నలకు తట్టుకోలేక అసలు హంతకుడు నలుగురి ముందూ నేరం వొప్పుకుంటాడు. “ఇంత సులువుగా వొప్పుకుంటే మనకిన్ని వాయిదాలు ఎందుకే, అమ్మాయీ?” అని నాన్నగారు నవ్వారు. కానీ టాబ్లెట్టు మాత్రం వొదిలిపెట్టలేదు.

నాకు జాలి వేసేది ఆ బర్గర్‌ని చూస్తేనే. వారం వారం వోడిపోవటమే ఆయన వుద్యోగం. ఆ వేషం వేసిన విలియం టాల్మన్‌ని 1960లో ఏదో పార్టీలో అరెస్టు చేస్తే కంపెనీవారు తొలగించారు. తరువాత కోర్టు ఆ ఆరోపణ కొట్టివేసింది. అయినా వెంటనే తిరిగి తీసుకోలేదు. ప్రేక్షకులు వూరుకోలేదు, వుత్తరాల మీద వుత్తరాలు రాశారు. వోడిపోయే వకీలు కోసం జనం పట్టుబట్టడం చూశారా! ఆ యేడాది చివరికే ఆయన మళ్ళీ కోర్టులోకి వచ్చాడు.

న్యూయార్కులోని బ్రాంక్సులో, పేదల ఇళ్ళ సముదాయంలో పెరిగిన సోనియా సోటొమేయర్ కూడా చిన్నప్పుడు ఈ కథలు చూసినామెయే. ఒక కథలో, నిర్దోషి విడుదలైతే తనకు వోటమి కాదనీ, న్యాయం జరగటమే తన పని అనీ ప్రభుత్వ వకీలు చెబుతాడట. ఆ మాటే తనను ప్రభుత్వ వకీలును చేసిందని 2009లో సెనేట్ విచారణలో ఆమె చెప్పారు. మేసన్ వోడిన కేసు ఏదని ఒక సెనేటర్ అడిగితే మాత్రం ఆమెకు గుర్తు రాలేదు! ఆ వేసవిలోనే ఆమె అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

నేను ఈ సంగతి చెబుతుంటే నాన్నగారు బొమ్మ ఆపేశారు. “చూశావా, కూర్చోబోయి మళ్ళీ లేచాడు. ఇంకొక్క ప్రశ్న అన్నాడు,” అన్నారు.

1987లో మా పక్కింటాయన కళ్ళం స్థలం దావాలో నాన్నగారు సాక్షి. నాకు అప్పుడు ఏడేళ్ళు. ఆ సంక్రాంతి నుంచీ వాళ్ళింటి కొత్త బెల్లం మా యింటికి రాలేదన్నంత వరకే నాకు తెలుసు. మిగతాది ఆ వేళ విన్నాను. ఎదుటి ప్లీడరు, “కంచె వేస్తుండగా మీరు చూశారా? అవునో కాదో చెప్పండి చాలు,” అన్నాడట. నాన్నగారు, “చూడలేదు,” అన్నారు. నిజమే, ఆ రోజు ఆయన వూళ్ళో లేరు. కానీ ముందు రోజు వెళ్ళేటప్పుడు స్థలం ఖాళీగా వుంది. తిరిగి వచ్చేసరికి కంచె వుంది. ఆ సంగతి మన ప్లీడరైనా లేచి అడుగుతాడేమోనని బోనులో నిలబడి ఎదురుచూశారట. ఆయన గడియారం చూసుకుని కాగితాలు సర్దుకున్నాడు.

“అడక్కపోయినా నేనే చెప్పి వుండవలసింది,” అన్నారు నాన్నగారు. స్థలం పోయింది. ఆ పక్కింటాయనా పోయారు.

మర్నాడు వాన తెరిపిచ్చాక, ఆయన కొడుకు ఫోను నంబరు కనుక్కోమన్నారు. కనుక్కుని రాసి ఇచ్చాను. కాగితం కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నారు. ఇంకా మాట్లాడలేదు.