‘తిన్నావా?’ అంటే ‘ఆ, తిన్నా’

రాత్రి తొమ్మిదింటికి తెనాలి నుంచి హైదరాబాద్‌కి ఫోన్‌ వెళుతుంది. ‘తిన్నావా?’ అని అడుగుతుంది మా అక్క. ‘ఆ, తిన్నా’ అంటుంది కూతురు. ‘చదువుతున్నావా?’ ‘ఆ.’ ‘ఒంట్లో బాగుందా?’ ‘బాగుందమ్మా.’ రెండు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. పిల్లలు హాస్టళ్లలో ఉన్న చాలా ఇళ్లలో ఇంచుమించు ఇవే ప్రశ్నలు, ఇవే జవాబులు. వీటిలో అబద్ధమేమీ లేదు. నిజంగానే ఏదో ఒకటి తినే ఉంటారు.

మొన్న దసరా సెలవులకి ఆ అమ్మాయి ఇంటికొచ్చింది. ఇంజినీరింగ్‌ రెండో ఏడాది. మేడ మీద ఆరేసిన బట్టలు తెమ్మంటే, రెండంతస్తులు ఎక్కి పై మెట్టు మీద కూలబడిపోయింది. గుండె దడదడలాడుతోందంది. ‘ఒంటికి పని లేకపోతే ఇంతే’ అన్నారు మా బావగారు. ‘రాత్రంతా ఫోన్‌ చూస్తే ఇంతే’ అంది అక్క. మర్నాడు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్‌ 8.6 అని వచ్చింది. గర్భిణులు కాని మహిళల్లో ఇది 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మనదేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి మా ఇంట్లో జరిగింది వింతేమీ కాదు. రోజూ మాట్లాడుతూ కూడా మాలో ఎవరికీ తెలియకపోవడమే వింత.

డాక్టరమ్మ మందులు రాసేముందు ఒక పని చేశారు. ‘పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నీ రోజు చెప్పమ్మా’ అన్నారు. మేమెప్పుడూ అడగని ప్రశ్న అది.

హాస్టల్లో టిఫిన్‌ ఏడున్నరకి మొదలవుతుంది. కాలేజీ బస్సు ఏడూ యాభైకి. తను లేచేదే ఏడున్నరకి. స్నానానికి క్యూ, ఆపైన బస్సుకి పరుగు. టిఫిన్‌ వారంలో ఒకట్రెండు రోజులు దక్కితే గొప్ప. పదకొండింటికి క్యాంటీన్‌లో సమోసా, టీ. మధ్యాహ్నం హాస్టల్‌ వాళ్లు పొద్దున్నే కట్టిన బాక్సు. చల్లారి ముద్దయిపోయిన సాంబారన్నం సగం తిని, మిగతాది పారేసి, మళ్లీ టీ. సాయంత్రం గదికి చేరాక బిస్కెట్లు, టీ. రాత్రి ఎనిమిదింటికి అన్నం, బంగాళాదుంప కూర, నీళ్లలాంటి పప్పు. పదకొండున్నరకి ఆకలేస్తే కెటిల్‌లో నూడుల్స్‌. రికార్డులు, అసైన్‌మెంట్లు, కాసేపు ఫోన్‌. పడుకునేసరికి రెండు.

ఇందులో ఎక్కడా ఆకుకూర లేదు. పండు లేదు. పైగా తిన్న ప్రతిసారీ వెంటనే టీ. టీలోని టానిన్లు ఆహారంలో ఉన్న కాస్త ఇనుమునూ ఒంటికి పట్టనివ్వవు.

నీళ్ల సంగతి మరీ విడ్డూరం. బాటిల్‌ పట్టుకెళుతుంది గానీ తాగదు. కాలేజీలో బాత్రూములు బాగుండవట. సాయంత్రం దాకా అవసరం రాకూడదని గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకుంటుంది. తన స్నేహితురాళ్లందరిదీ ఇదే పద్ధతి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు రావడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అసలు విషయం ఆ తర్వాత బయటపడింది. ‘నెలసరి ఎన్ని రోజులు ఉంటుంది? రోజుకి ఎన్ని ప్యాడ్లు?’ అని అడిగారు డాక్టరమ్మ. ఎనిమిది రోజులట. మొదటి మూడు రోజులూ రెండు గంటలకోసారి మార్చుకోవాలట. అక్క నావైపు చూసింది. ఇంట్లో ఉన్నప్పుడు ఐదు రోజులే ఉండేది. హాస్టల్‌కి వెళ్లాక ఎప్పుడు మారిందో తెలియదు. అందరికీ ఇంతే కాబోలనుకుందట ఆ పిల్ల. ఫెరిటిన్‌ పరీక్షలో ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటినట్టు తేలింది. ఇంత ఎక్కువగా రక్తస్రావం ఎందుకవుతోందో తెలియడానికి వేరే పరీక్షలు కూడా రాశారు. లోపల రక్తం పోతుంటే తిండి ఒక్కటే సరిచేయలేదు కదా.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తను అన్న మాట నాకింకా గుర్తుంది. ‘నాకు బుర్ర లేదనుకున్నా పిన్నీ’ అంది. రెండు సబ్జెక్టులు పోయాయి. క్లాసులో కళ్లు మూతలు పడుతుంటే, చదివింది నిలవకపోతే, ఇంటర్‌లో తెలివైనదాన్నే, ఇక్కడికొచ్చాక తేలిపోయాననుకుందట. ఇనుము తగ్గితే నీరసమే కాదు, ఏకాగ్రతా తగ్గుతుంది. జుట్టు ఊడుతుంది. కొందరికి ఐసు ముక్కలో, పచ్చి బియ్యమో నమలాలనిపిస్తుంది. జ్యూసులోని ఐసు కరకరా నమిలే అలవాటు తనకీ ఉంది. సరదా అనుకున్నాం.

ఇక ఇంటి వైద్యం మొదలైంది. బీట్‌రూట్‌ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని ఒకరు, బెల్లం చాలని మరొకరు. రంగుకీ రక్తానికీ సంబంధం లేదు. బీట్‌రూట్‌లో ఇనుము తక్కువే. చిన్న బెల్లం ముక్కతో వచ్చేదీ కొంచెమే. హిమోగ్లోబిన్‌ ఇంతగా పడిపోయినప్పుడు మాత్రలు వాడాల్సిందే. చాలామంది వాటిని పది రోజులకే మానేస్తారు. మలం నల్లగా వస్తే భయం, మలబద్ధకం ఒకటి. నల్లగా రావడం మామూలే. మాత్ర పడకపోతే డాక్టర్‌ని అడిగి మార్చుకోవచ్చు. పాలు, టీ, క్యాల్షియం మాత్రలతో కలిపి మాత్రం వేసుకోకూడదు. హిమోగ్లోబిన్‌ మామూలు స్థాయికి వచ్చాక కూడా, నిల్వలు నిండడానికి సుమారు మూడు నెలలు వాడమంటారు.

రాత్రి రెండింటి నిద్ర గురించి ఇంట్లో పెద్ద గొడవే అయింది. నేను మా అక్క పక్షం కాదు. టీనేజీలో, ఆ తర్వాత ఒకట్రెండేళ్ల పాటూ శరీరంలోని గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్‌ ఆలస్యంగా ఊరుతుంది. పదింటికే పడుకోమంటే పడుకోలేరు. అయితే పన్నెండుని రెండు చేసేది గడియారం కాదు, టీ, ఫోన్‌. తాగిన టీలోని కెఫీన్‌ సగానికి తగ్గాలంటేనే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఈ వయసుకి ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి. తనకి దక్కేది ఐదున్నర.

అబ్బాయిల తల్లులు తమకీ బాధ లేదనుకోనక్కర్లేదు. టిఫిన్‌ మానేయడం, అర్ధరాత్రి బిర్యానీ అక్కడా ఉన్నాయి. బయటపడే తీరు వేరు: పొట్ట, బీపీ. ఇక రక్తం బాగానే ఉన్నా పిల్లల్లో దిగులు, నిరాసక్తత వారాల తరబడి తగ్గకపోతే ప్రభుత్వ టెలీ మానస్‌ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

సెలవులయ్యాక తను వెళుతుంటే అక్క ఎప్పటిలా పచ్చళ్లు, జంతికలు కట్టలేదు. నువ్వుల ఉండలు, పల్లీ చిక్కీ, వేయించిన శనగలు సర్దింది. లేవగానే రెండు ఉండలు తిని బస్సెక్కినా ఖాళీ కడుపు కన్నా నయమే. క్యాంటీన్‌ దగ్గర బండి మీద జామకాయలు దొరుకుతాయి. అన్నం తిన్నాక టీ బదులు ఒకటి తింటే, అందులోని సి విటమిన్‌ ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. టీ మానమనలేదు, తిండికీ దానికీ గంట ఎడం పెట్టమన్నాం. తోటి పిల్లలతో కలిసి వార్డెన్‌కి ఒక కాగితం కూడా రాసిచ్చింది, టిఫిన్‌ ఏడింటికే పెట్టమని. జవాబు రావడానికి నెల పట్టింది. ఇప్పుడు ఏడుంబావుకి పెడుతున్నారు.

రెండు నెలల తర్వాత హిమోగ్లోబిన్‌ 11.2 వచ్చింది. మాత్రలు ఇంకా వాడుతోంది. నెలసరి రోజులు ఇప్పుడు ఫోన్‌లో రాసుకుంటోంది.

తొమ్మిదింటి ఫోన్‌ ఇప్పుడు పది నిమిషాలు నడుస్తోంది. అక్క ‘తిన్నావా?’ అని కాదు, ‘ఏం తిన్నావ్‌?’ అని అడుగుతోంది. మొన్న గురువారం తోటకూర పప్పు పెట్టారట. అందులో తోటకూర వెతుక్కోవాల్సి వచ్చిందట.