‘నెలాఖరుకు చూద్దాం’ అంటే కోచ్ మాట ఎవరు వింటారు?

ఆదివారం వచ్చిందంటే మా ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లో రెండు పంచాయితీలు తప్పవు. అంట్లు ఎవరు తోమాలన్నది ఒకటి. డల్లాస్ కౌబాయ్స్ కోచ్‌ను ఉంచాలా, పీకాలా అన్నది రెండోది. మొదటిది పది నిమిషాల్లో తేలిపోతుంది. రెండోది ఏళ్ళ తరబడి నలుగుతూనే ఉంది.

ముందే ఒక మాట. మేము సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాదు. కాకినాడ, విజయవాడ, వరంగల్ పాలిటెక్నిక్‌లలో సివిల్ డిప్లొమా చేసి, కొందరం దుబాయ్, దోహాల మీదుగా, కొందరం కుటుంబ వీసాల మీద ఇక్కడికి చేరిన వాళ్ళం. టెక్సాస్ ఎండలో సైట్ల మీద సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్నాం. అమెరికా తెలుగువాడంటే ల్యాప్‌టాప్ సంచీ గుర్తొచ్చే బంధువులకు మా నెత్తిన హార్డ్‌హ్యాట్ ఇప్పటికీ వింతే. కోచ్ గొడవలో మేము ఇంతగా తలదూర్చడానికి ఆ హార్డ్‌హ్యాటే కారణం. అదెలాగో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఊళ్ళో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట. కాలితో తన్నేది తక్కువే. సీజన్‌కు 17 మ్యాచ్‌లు. క్రికెట్లో కోచ్ బాల్కనీలో కూర్చుని చూస్తాడు. ఇక్కడ దాదాపు ప్రతి ఎత్తూ గీత పక్కన నిలబడ్డ కోచ్ బృందం నుంచే వస్తుంది. అందుకే ఓడితే తిట్లన్నీ ఆయనకే.

ఇర్వింగ్‌లో ఉంటూ కౌబాయ్స్‌ను పట్టించుకోకుండా ఉండటం కుదిరే పని కాదు. మనవాళ్ళు కిక్కిరిసి ఉండే వ్యాలీ రాంచ్‌లోనే 2016 దాకా ఆ జట్టు ఆఫీసు, ప్రాక్టీసు మైదానం ఉండేవి. అక్కడి రోడ్డు పేరే కౌబాయ్స్ పార్క్‌వే. తర్వాత ఫ్రిస్కోకు వెళ్ళిపోయారు. అక్కడా మనవాళ్ళే! వాళ్ళ పాత టెక్సాస్ స్టేడియం కూడా ఇర్వింగ్‌లోనే ఉండేది. 2010 ఏప్రిల్‌లో మందుగుండు పెట్టి కూల్చేశారు. 2009లో తెరిచిన ఆర్లింగ్టన్ స్టేడియం కప్పును మోసే ఉక్కు కమానులు రెండూ ఒక్కోటి దాదాపు పావు మైలు పొడుగు. అక్కడికి మొదటిసారి వెళ్ళినప్పుడు మేము సగం మ్యాచ్ కప్పు వైపు చూస్తూనే గడిపేశాం. వృత్తి రోగం, ఏం చేస్తాం.

రెండు భోగి పండుగలు

ఇంత పేరు, ఇంత డబ్బు ఉన్న కౌబాయ్స్ చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో. ఆ తర్వాత ఫైనల్ సంగతి అటుంచండి, దాని కింది మెట్టు మీద కూడా కాలు పెట్టలేదు. ఈ మధ్యలో ఎంతమంది కోచ్‌లు మారినా యజమాని మాత్రం ఒక్కడే, జెర్రీ జోన్స్. 1989లో జట్టును కొన్నది ఆయనే, జనరల్ మేనేజరూ ఆయనే. ఏ ఆటగాణ్ణి తేవాలి, ఎవరికెంత ఇవ్వాలి అన్న దాంట్లో ఆఖరి మాట ఆయనదే.

2020లో మైక్ మెకార్తీని తెచ్చారు. గ్రీన్‌బే ప్యాకర్స్‌కు సూపర్ బౌల్ గెలిపించిన మనిషి. ఆ గెలుపు 2011 ఫిబ్రవరిలో ఈ ఆర్లింగ్టన్ స్టేడియంలోనే. ఇక్కడ మొదటి ఏడాది 6 గెలిచి 10 ఓడాడు. ఆ తర్వాత మూడేళ్ళు వరుసగా 12 గెలుపులు, 5 ఓటములు. ఏ జట్టయినా కళ్ళకద్దుకునే లెక్క. కానీ జనవరి వచ్చేసరికి, అసలు పరీక్ష దగ్గర బోర్లా పడటమే.

2024 జనవరి 14, భోగి రోజు. మేము అరిసెలు తెప్పించి, రెండు కుండల బిర్యానీ వండి టీవీ ముందు కూర్చున్నాం. ఎదుట ఆయన పాత జట్టు ప్యాకర్సే. సగం ఆట అయ్యేసరికి 27-7తో వెనకబడ్డాం. చివరికి 48-32తో, అదీ సొంత మైదానంలో ఓడిపోయారు. ఆ రాత్రి బిర్యానీ మర్నాటికి కూడా మిగిలింది.

ఊరు ఊరంతా పీకేయమంది. జోన్స్ పీకలేదు. ఉంచాడు. కానీ ఎలా ఉంచాడు? కాంట్రాక్టులో ఇంకో ఏడాది మిగిలి ఉంది, దాన్ని పొడిగించలేదు. ఆడి చూపించు, తర్వాత చూద్దాం అన్నట్టు. 2024 సీజన్లో నవంబర్లోనే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ తొడ కండరం దెబ్బతిని ఆటకు దూరమయ్యాడు. 7 గెలుపులు, 10 ఓటములతో సీజన్ ముగిసింది. 2025 జనవరి 13న మెకార్తీ వెళ్ళిపోయాడు. చిత్రం, ఆ రోజూ భోగే. పాత సామాను మంటలో వేసే రోజు. పదకొండు రోజుల తర్వాత ఆయన కిందే ఆఫెన్స్ కోఆర్డినేటర్‌గా పనిచేసిన బ్రయన్ షాటెన్‌హైమర్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. 2025 సీజన్లో కూడా ప్లేఆఫ్స్‌కు చేరలేదు. మా అపార్ట్‌మెంట్లో పంచాయితీ మళ్ళీ మొదలు.

మా సైటు మీద జరిగింది

ఇప్పుడు హార్డ్‌హ్యాట్ సంగతి. 2022లో డల్లాస్‌కు ఉత్తరాన ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ పని మీద ఉన్నాం. సైటు మొత్తానికి సూపరింటెండెంట్ ఒక పెద్దాయన, టెక్సాస్ మనిషి. మీటర్లు, మిల్లీమీటర్లలో ఆలోచించే మాకు అడుగులు, అంగుళాలలో డ్రాయింగ్ చదవడం నేర్పింది ఆయనే. స్లాబ్ పోసే రోజు తెల్లవారుజామున మూడింటికే కాంక్రీట్ పంపు పక్కన ఉండేవాడు. మన మేస్త్రీలు చేత్తో ఇసుక పట్టి చూసినట్టు, ట్రక్కులోంచి దిగే మాలు చూసి నీళ్ళెక్కువైందో లేదో చెప్పేవాడు.

పని ఏడు వారాలు వెనకబడింది. కరెంటు ప్యానెళ్ళు ఫ్యాక్టరీ నుంచి రాలేదు. కోవిడ్ తర్వాత దేశమంతా అదే కొరత. బిల్డింగ్ యజమాని రెండుసార్లు బాల్కనీల డ్రాయింగ్ మార్చాడు. పోసిన స్లాబ్ మీద వాన పడింది. వీటిలో పెద్దాయన చేతిలో ఉన్నది ఎంత? నిజం చెప్పాలంటే కొంత ఉంది. ప్లంబింగ్ వాళ్ళను ముందే మార్చాల్సింది, మొహమాటపడ్డాడు. మిగతాది ఆయన చేతిలో లేదు.

కంపెనీ ఆఫీసు ఆయన్ను తీసేయలేదు, వెనకేసుకునీ రాలేదు. “నెలాఖరుకు చూద్దాం” అన్నది. ఆ మాట ఎలా పాకిందో తెలియదు గానీ వారం తిరక్కుండా సైటంతా తెలిసిపోయింది. ఇక చూడండి. పొద్దున్నే ఏడింటికి జరిగే మీటింగుకు సబ్‌కాంట్రాక్టర్ల ఫోర్‌మన్లు రావడం మానేశారు. ఆయన శనివారం మనుషుల్ని పంపమంటే సరే అనేవారు, ఒక్కడూ దిగేవాడు కాదు. నేరుగా ఆఫీసుకే ఫోన్లు చేసుకునేవారు. పోయేవాడి మాట ఎవడు వింటాడు? మేమూ తక్కువ తినలేదు. ఏదైనా కాగితం మీద సంతకం కావాలంటే “కొత్తాయన వచ్చాక చూద్దాంలే” అని పక్కన పెట్టిన రోజులున్నాయి. ఏడు వారాల ఆలస్యం పది అయింది. ఆ మూడు వారాలు ఆయన లెక్కలో వేశారు.

ఒక శుక్రవారం సాయంత్రం తన కాఫీ ఫ్లాస్కు, బూట్లు, టేపు పికప్‌లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. సోమవారం మాలో ఒకరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ప్యానెళ్ళు రావాల్సిన రోజునే వచ్చాయి. పని పూర్తయింది. మెచ్చుకుంటూ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ మేము ఇంటికి ఫార్వర్డ్ చేసుకున్నాం కూడా. పెద్దాయనకు మాత్రం ఆ వారం ఫోన్ చేయలేదు. ఆ తర్వాత నెల కూడా చేయలేదు.

మెకార్తీ వెళ్ళిన రోజు చేశాం. ఫోనెత్తగానే ఏమీ జరగనట్టు “ఏం అబ్బాయిలూ, మన కోచ్‌ను కూడా పంపించేశారంటగా” అన్నాడు. ఆ “కూడా” అన్న మాటకు మాకు నోట మాట రాలేదు.

1964లో ఏం చేశారంటే...

ఆ రోజు ఆయన చెప్పిన కథ పాత కౌబాయ్స్ అభిమానులకు కొత్తది కాదు, మాకు కొత్త. జట్టు 1960లో పుట్టింది. కోచ్ టామ్ లాండ్రీ. మొదటి ఏడాది ఒక్కటి కూడా గెలవలేదు. 11 ఓటములు, ఒక డ్రా. నాలుగో ఏడాదికి, అంటే 1963లో, 4 గెలుపులు, 10 ఓటములు. మా పెద్దాయన అప్పటికి చిన్నపిల్లాడు. నాన్నతో కాటన్ బౌల్‌కు వెళ్ళి, నాన్న లాండ్రీని తిడుతుంటే తానూ తిట్టేవాడట. కాంట్రాక్టు ఇంకా ఒక్క ఏడాదే మిగిలింది. తీసేస్తారనే అందరూ అనుకున్నారు. 1964 ఫిబ్రవరిలో అప్పటి యజమాని క్లింట్ మర్చిసన్ ఆ కాంట్రాక్టును ఇంకో పదేళ్ళు పొడిగించాడు!

మరుసటి ఏడాదే అద్భుతం జరిగిందా? లేదు. 1964లో మళ్ళీ గెలిచిన వాటికన్నా ఓడినవే ఎక్కువ. 1965లో 7-7. కానీ 1966 నుంచి 1985 దాకా ఇరవై సీజన్లు వరసగా గెలుపులే ఎక్కువ, మధ్యలో రెండు సూపర్ బౌల్‌లు. ఆటగాళ్ళకు ఒకటి అర్థమైంది కదా, తాము పోవచ్చు గానీ ఈయన పోడని. ఇంక మాట వినక చేసేదేముంది?

లాండ్రీని 1989లో తీసేసింది జెర్రీ జోన్సే, జట్టును కొన్న వెంటనే. ఆయన బదులు తెచ్చిన జిమ్మీ జాన్సన్ మొదటి ఏడాది ఒక్కటి గెలిచి 15 ఓడాడు. అతణ్ణి మాత్రం నమ్మి ఉంచాడు. 1992, 1993 సీజన్లలో రెండు సూపర్ బౌల్‌లు వచ్చాయి. అంటే ఓపిక పట్టడం ఆయనకు చేతకానిది కాదు. తర్వాత ఎక్కడ మర్చిపోయాడో!

మా వరంగల్ తమ్ముడు దీనికి ఒప్పుకోడు. “అన్నా, డెక్కన్ చార్జర్స్‌ను యాది చేసుకోండ్రి” అంటాడు. నిజమే. 2008 మొదటి ఐపీఎల్‌లో మన హైదరాబాద్ జట్టు అట్టడుగున నిలిచింది. కోచ్ రాబిన్ సింగ్ స్థానంలో డారెన్ లీమన్ వచ్చాడు, గిల్‌క్రిస్ట్ కెప్టెన్ అయ్యాడు. 2009లో దక్షిణాఫ్రికాలో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు కొట్టారు. పీకితే కప్పు రాదని ఎవరన్నారని వాడి వాదన. మేము కాదనలేదు. పీకేదుంటే అలా పీకాలి. కొత్తవాణ్ణి తెచ్చి పగ్గాలు చేతికివ్వాలి.

హైదరాబాద్ అంటే రహీం సాబ్ గుర్తుకు రావాలి కదా. అసలు ఫుట్‌బాల్, కాలితో ఆడేది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్న భారత్ యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. ఈ రోజుల్లో అయితే విమానం దిగేలోపే ఉద్యోగం ఊడేది. 1956 మెల్‌బోర్న్‌కు మళ్ళీ ఆయన చేతికే జట్టును అప్పజెప్పారు. నాలుగో స్థానం వచ్చింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చాడు, అదీ క్యాన్సర్‌తో బాధపడుతూ. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు. ఈ మాట చెబితే మా తమ్ముడు కాసేపు చప్పుడు చేయలేదు. తర్వాత “మరి జేసన్ గ్యారెట్?” అన్నాడు.

అదీ నిజమే. 2010 సీజన్ మధ్య నుంచి 2019 దాకా గ్యారెట్‌ను ఉంచితే 85 గెలిచి 67 ఓడాడు, ప్లేఆఫ్స్‌లో మాత్రం రెండే గెలుపులు. ఉంచిన ప్రతివాడూ లాండ్రీ కాడు. అయితే గ్యారెట్ ఆఖరి ఏడాదిని కూడా చూడండి. 2019లో ఆయనదీ పొడిగించని కాంట్రాక్టే. 8 గెలుపులు, 8 ఓటములు. ఐదేళ్ళ తర్వాత మెకార్తీకి అదే పద్ధతి, అదే ఫలితం. 2024 జనవరిలో మెకార్తీని పంపించేసినా మేము అర్థం చేసుకునేవాళ్ళం. మూడేళ్ళు పొడిగించి ఉన్నా సమర్థించేవాళ్ళం. గుమ్మంలో నిలబెట్టి లోపలికి రానీయక, బయటికి పోనీయక ఒక సీజన్ కాల్చేయడమే మాకు మింగుడు పడనిది. గుమ్మంలో నిలబడ్డ మనిషి ఎలా ఉంటాడో మేము దగ్గర్నుంచి చూశాం.

ఒక్క తేడా ఉంది లెండి. తీసేసిన కోచ్‌కు మిగిలిన కాంట్రాక్టు డబ్బు సాధారణంగా అందుతుంది. మా పెద్దాయనకు అందింది రెండు వారాల జీతం.

ఇప్పుడాయన కొన్ని ఆదివారాలు మా అపార్ట్‌మెంటుకే వస్తున్నాడు. మిరపకాయ బజ్జీకి అలవాటు పడ్డాడు, పక్కన పెరుగు గిన్నె ఉండాలి. ఆ శుక్రవారం సంగతి ఆయన ఎత్తడు, మేమూ ఎత్తం.

పోయిన నెల మా కొత్త సైటు మీద మా కింద పనిచేసే ఒక కుర్ర ఫోర్‌మన్ పని వెనకబడింది. మెట్ల పనిలో తప్పు వాడిదే. ఆఫీసు వాళ్ళు వచ్చి చూసి “నెలాఖరుకు చూద్దాం” అన్నారు. ఆ మాట వినగానే మేమంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. తీసేస్తే ఇవాళే తీసేయండి, ఉంచితే పని పూర్తయ్యేదాకా వాడే ఉంటాడని మెయిల్‌లో రాసివ్వండి అన్నాం. ఇంకా జవాబు రాలేదు. వాడు మాత్రం రేపు పొద్దున ఏడింటి మీటింగుకు అందర్నీ పిలిచాడు. మేము ఆరున్నరకే వెళ్ళి ముందు వరసలో నిలబడాలనుకుంటున్నాం.