మత్స్యపోషణ విద్య



కొన్నియేండ్ల క్రిందట, మూడు దినములు ముసురు పట్టిన పిమ్మట, ఒక తెల్లవారుజామున నేను మన తిమ్మాజిపేట ప్రాంతమునందలి యొక చెరువుగట్టున నిలిచితిని. వందలకొలది చేపలు తెల్లని కడుపులు పైకి త్రిప్పి తేలుచుండెను. ఎవరో విషము కలిపిరని గట్టుమీదివారు ఒకరినొకరు అనుమానింపజొచ్చిరి. అప్పు తెచ్చి చేపపిల్లలను విడిచిన వృద్ధు డొకడు తల పట్టుకొని కూర్చుండెను. నాకును ఆనాడు కారణము తెలియదు. పిమ్మట చదివి తెలిసికొంటిని.

అచట విషమేమియు లేదు. నీటిలోని సన్నని పచ్చని నాచు పగలు సూర్యకాంతిచే ప్రాణవాయువును విడుచును; రాత్రి తానే దానిని పీల్చుకొనును. ముసురు దినములలో కాంతి చాలదు. పేడయెరువు మితిమీరినచో అది క్రుళ్లుటకును ప్రాణవాయువు వ్యయమగును. చేపలు సుఖముగా పెరుగుటకు లీటరు నీటిలో సుమారు 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు వలయును. తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గిపోవును. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుట తొలిగుర్తు. అప్పుడే మేతయు ఎరువును ఆపి, క్రొత్తనీరు పెట్టి, చెరువునీటిని చిలికినచో పెక్కింటిని బ్రతికింపవచ్చును. ఈ కొద్ది జ్ఞానము లేకపోవుటచే ఒక కుటుంబపు ఏడాది కష్టము ఒక్క రాత్రిలో నశించెను.

కావున చేపలను పెంచుట కేవలము వల విసరుట కాదు, అదియొక శాస్త్రము. బొచ్చె నీటి పైభాగమునను, రవ్వ నడుమను, మృగాల అడుగునను మేయును. మూడింటిని తగుపాళ్లలో కలిపి పెంచినచో చెరువునందలి ఆహార మంతయు ఉపయోగపడును. ఈ జాతులు ప్రవహించు నదులలో వరదకాలమున గ్రుడ్లు పెట్టునే కాని నిలిచిన చెరువులలో సాధారణముగా పెట్టవు. అందుచే పూర్వము పిల్లలను నదులలో ఏరి తెచ్చెడివారు. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి మహాశయుడు, చేప మెదడు క్రింద నుండు పీయూషగ్రంథి రసమును తల్లిచేపలకు సూదిమందుగా నిచ్చి, వానిచే గ్రుడ్లు పెట్టించెను. ఆ దినమునే నేడు జాతీయ మత్స్యరైతుల దినముగా జరుపుకొనుచున్నాము.

మన పాలమూరు సీమ కరవులకును వలసలకును పేరుపడినది. కృష్ణాజలములను ఎత్తిపోసిన పిమ్మట నాగర్‌కర్నూలు జిల్లాలోని పెక్కు చెరువులలో నీరు నిలుచుచున్నది. 2016లో రాష్ట్రప్రభుత్వము చెరువులలో ఉచితముగా చేపపిల్లలను విడుచుట ప్రారంభించెను. కాని పిల్లలను విడుచుట వేరు, పెంచుట వేరు. పెంచుట నేర్చినవారు గ్రామమున నుండవలెను.

ఆ విద్య మనకు దూరమున లేదు. పొరుగున నున్న వనపర్తి జిల్లా పెబ్బేరులో 2017లో మత్స్యశాస్త్ర కళాశాల స్థాపింపబడినది. ఇది పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినది. ఇంటర్మీడియెట్టున జీవశాస్త్రము చదివి, ప్రవేశపరీక్షలో తగిన స్థానము పొందినవారు అచట చేరవచ్చును. చదువు నాలుగేండ్లు. నీటి పరీక్ష, మేత తయారి, రోగనిర్ణయము, పిల్లల ఉత్పత్తి, పట్టిన చేపను చెడకుండ నిలువచేయుట, ఆదాయవ్యయముల లెక్క మున్నగునవి నేర్పుదురు. పైచదువునకు ముంబయిలో 1961లో స్థాపింపబడిన కేంద్ర మత్స్యవిద్యా సంస్థ కలదు. చదివినవారికి ప్రభుత్వ మత్స్యశాఖలోను, చేపపిల్లల ఉత్పత్తి కేంద్రములలోను, మేత కర్మాగారములలోను పని దొరకును. స్వయముగా చెరువు పట్టుకొని పెంచుకొనవచ్చును.

ఒకనాడు తరగతిలో నేనొక బాలుని తండ్రి వృత్తి యేమని యడుగగా, అతడు తల వంచుకొని బదులు చెప్పకుండెను. అతని తండ్రి చేపలు పట్టువాడు. నాయనలారా, గలిలయ సముద్రతీరమున వలలు బాగుచేసికొనుచున్నవారిని ప్రభువు తన శిష్యులుగా పిలిచెను. అందు సిగ్గుపడవలసిన దేమున్నది? మీ తండ్రులకు నీటి పోకడ తెలియును. ఏ గాలికి చేప ఎటు పోవునో తెలియును. దానికి మీరు శాస్త్రమును చేర్పుడు. పదవ తరగతి విద్యార్థులు ఈ సెలవులలో పెద్దలను వెంటబెట్టుకొని యొకమారు పెబ్బేరు పోయి ఆ కళాశాలను చూచి రావలెనని నా కోరిక.