ఊరందరికీ కావాలి, ఎవరింటి పక్కనా వద్దు!

పెట్రోలు బంకు విచిత్రమైన పొరుగు. బండి నడిరోడ్డున ఆగిపోయిననాడు కనుచూపు మేరలో బంకు లేకపోతే ప్రభుత్వాన్ని తిట్టుకుంటాం. మన ప్రహరీ గోడ పక్కనే బంకు వస్తుందంటే, ఆ ప్రభుత్వానికే అర్జీ పెట్టుకుంటాం.

మొన్న మా వీధి చివరి ఖాళీ స్థలంలో బంకు పెడతారని పుకారు పుట్టింది. సాయంకాలానికల్లా వీధిలో రెండు పక్షాలు తయారయినై. "దగ్గర్లో వుంటే మంచిదేగా, మాస్టారూ!" అన్నారు ఎదురింటి పెద్దమనిషి. "ఆ పక్కనే బడి వుంది గదా, పిల్లల మాటేమిటి?" అన్నారు మా పక్కింటి పిన్నిగారు. పుకారు నాలుగు రోజుల్లో చల్లారింది కాని, ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఇటువంటి తగవు తీర్చవలసిన వారెవరు? ఏ న్యాయాన తీర్చాలి?

ఇదే ప్రశ్నతో కొన్నేళ్ళు కుస్తీ పట్టిన వూరొకటి అమెరికాలో వుంది. దాని పేరు పెటలూమా. కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో వుంది. జనం 60 వేలు. ఒకప్పుడు కోళ్ళ పెంపకంతో పేరు మోసి, ప్రపంచానికే గుడ్ల రాజధానినని చెప్పుకున్న వూరు. పట్టుదలకూ పెట్టింది పేరు. 1972లో, ఏడాదికి సుమారు 500 కొత్త ఇళ్ళకు మించి కట్టరాదని కట్టుబాటు చేసుకున్నది. గృహనిర్మాణ వ్యాపారులు కోర్టుకెక్కారు. 1975లో అప్పీలు కోర్టు వూరి పక్షానే తీర్పు చెప్పింది.

అటువంటి వూళ్ళో సేఫ్‌వే అనే పెద్ద దుకాణాల సంస్థ తన అంగడి ఆవరణలో బంకు పెడతానన్నది. (పెట్రోలును అక్కడివారు 'గ్యాస్' అంటారు గనుక బంకు వారికి గ్యాస్ స్టేషన్.) ఆ స్థలానికి ఎదురుగా ప్రాథమిక పాఠశాల వుంది. పసిపిల్లలను చూసుకునే కేంద్రం వుంది. చుట్టూ ఇళ్ళున్నాయి.

ఇరుగుపొరుగువారు భయపడ్డారంటే అది వట్టి పిరికితనం కాదు. పెట్రోలులో బెంజీన్ అనే పదార్థం వుంటుంది. ట్యాంకు నింపేటప్పుడూ, కారులో పోసేటప్పుడూ అది ఆవిరై గాలిలో కలుస్తుంది. రక్తానికి సంబంధించిన కాన్సరు దానివల్ల వస్తుందని వైద్యశాస్త్రం నిర్ధారించింది. పెద్ద బంకుకు 300 అడుగుల లోపల కొత్తగా ఇళ్ళూ బడులూ పెట్టవద్దని ఆ రాష్ట్రపు వాయుశాఖే 2005లో సలహా యిచ్చింది. బంకు పక్కన బడి వద్దన్నప్పుడు, బడి పక్కన బంకు మాత్రం ఎందుకు? ఇదీ తల్లిదండ్రుల వాదం.

కంపెనీ వాదమూ కొట్టిపారేయదగ్గది కాదు. స్థలం వ్యాపారానికి కేటాయించినది. కొనుగోలుదారులకు పెట్రోలు చౌకగా దొరుకుతుంది. అపాయం హద్దు మీరదని నిపుణుల నివేదికలు చేతిలో వున్నాయి. 2018లో నగర ప్రణాళికా సంఘం అనుమతి యిచ్చింది. నివాసులు నగర కౌన్సిలుకు అప్పీలు చేసుకున్నారు. కౌన్సిలులో సభ్యులు చీలిపోయారు. తగవు ముదిరి కోర్టు దాకా పోయింది.

ఇక్కడే అసలు చిక్కు వున్నది. దరఖాస్తు మీద తీర్పు చెప్పేటప్పుడు కౌన్సిలు న్యాయమూర్తి వంటిది. ఆనాటికి వున్న నిబంధనలేమిటి, ముందున్న సాక్ష్యమేమిటి అన్నవే చూడాలి. నాకు ఇష్టం లేదనో, వీధి నిండా జనం వచ్చారనో కాదంటే ఆ తీర్పు నిలవదు. శాసనం చేసేటప్పుడు మాత్రం అదే కౌన్సిలుకు చేతులు స్వేచ్ఛగా వుంటాయి. దరఖాస్తు బల్ల మీదికి వచ్చాక నిబంధన కోసం వెతుక్కోవడం ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టే.

పెటలూమా ఈ పాఠం నేర్చుకున్నది. ఈ బంకు వుండాలా వద్దా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, మన వూరికి ఎన్ని బంకులు కావాలి అని అడుక్కున్నది. లెక్క చూస్తే అప్పటికే 16 వున్నాయి. 2021 మార్చి 1న కౌన్సిలు ఏకగ్రీవంగా తీర్మానించింది: ఇక మీదట వూళ్ళో కొత్త బంకు కూడదు. వున్నవి వుండవచ్చు కాని, పెట్రోలు పంపులు పెంచరాదు. విద్యుత్ కార్లకు ఛార్జింగు ఏర్పాట్లు చేసుకోవచ్చు. అమెరికాలో ఇటువంటి నిషేధం పెట్టిన మొదటి నగరం అదే. 2022లో పొరుగునున్న శాంటా రోసా కూడా ఈ దారే పట్టింది.

దీనిలో లోపం లేకపోలేదు. కొత్తవాడు రాకపోతే పాతవాడికి పోటీ తగ్గుతుంది. విద్యుత్ కారు కొనలేని సామాన్యుడు ఆ పాతవాడి ధరకే తల వొగ్గాలి. అయినా లాభనష్టాలు బేరీజు వేసుకుని, బహిరంగంగా చర్చించి నిర్ణయం చేసుకున్నారు గదా!

మరి మన సంగతి? మన దేశంలో నిబంధన లేదనుకుంటే పొరపాటు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో స్పష్టంగా చెప్పింది. కొత్త బంకు బడికీ, పది పడకలూ అంతకు పైబడిన ఆసుపత్రికీ, నివాస ప్రాంతానికీ 50 మీటర్ల దూరాన వుండాలి. స్థలం యిరుకైతే అదనపు భద్రతా ఏర్పాట్లతో తగ్గించవచ్చు కాని, ఎట్టి పరిస్థితిలోనూ 30 మీటర్లకు తగ్గరాదు. పెట్రోలు నింపే చోటు, పోసే పంపు, ఆవిరి గొట్టం, వీటిలో ఏది దగ్గరైతే దాని నుంచి కొలవాలి. 2002 నాటి పెట్రోలియం నిబంధనల ప్రకారం జిల్లా అధికారి నిరభ్యంతర పత్రం కూడా వుండాలి.

నిబంధన వున్నది. దాన్ని ఎత్తి చూపే నోరు మాత్రం మనదే కావాలి. అభ్యంతరం లేదని అధికారి సంతకం చేసే ముందే మన అభ్యంతరం ఆయన బల్ల మీద వుండాలి.

ఈ సంగతులన్నీ చెప్పగా విని, పక్కింటి పిన్నిగారు మర్నాడు మనవడిని వెంటబెట్టుకుని టేపుతో బయలుదేరారు. బడి గోడ నుంచి ఆ ఖాళీ స్థలం మొదటి అంచుకు 22 మీటర్లు వచ్చిందట. ఆ అంకె ఒక కాగితం మీద వ్రాసి, తేదీ వేసి, బీరువాలో దాచారు.

"పుకారు పోయింది గదండీ, ఇంకా ఎందుకు?" అన్నాను.

"స్థలం పోలేదు గదా, నాయనా!" అన్నారావిడ.